అచ్చు ముఖాన బొట్టు

రాజకుమార్ మళ్ళీ బటన్ నొక్కాడు.

పెట్టెలో ఫ్యాన్లు తిరిగాయి. ఎర్రగా, నీలంగా, ఆకుపచ్చగా దీపాలు వెలిగాయి. చూడబోతే పెళ్ళివారిల్లులా ఉంది. తెర మాత్రం అద్దకం షెడ్డులో నల్లరంగు తొట్టిలా అలాగే ఉండిపోయింది.

"తిరుగుతోందిగా?" అన్నాడు మాణిక్యం గుమ్మంలో నిలబడి. కొడుకు కొత్తగా బిగించిన ఈ కంప్యూటర్‌ని నిన్న సాయంత్రం నుంచి ఆయన గడప దాటకుండానే చూస్తున్నాడు.

"తిరుగుతోంది నాన్నా."

"మరింకేం?"

"తిరిగితే చాలదు. తెర మీద కనబడాలి."

మాణిక్యం వాన వంక చూసి, "ఈ ముసురుకి అదీ చెమ్మగిల్లి ఉంటుంది," అన్నాడు. పెదనలో కలంకారీ అద్దకం చేసే ఇంట్లో వాన పడితే ఏది ఆగినా కారణం అదే. ఎండ లేక బట్ట ఆరదు, బట్ట ఆరక అద్దకం సాగదు. వారం రోజులుగా షెడ్డులో బల్లలు ఖాళీగా ఉన్నాయి. ఆయనకి తోచక ఇంట్లో వాళ్ళని గమనించే పని పెట్టుకున్నాడు.

కోడలు వెన్నెల తెర వంకే చూస్తోంది. మాట్లాడితే ఏడుపొస్తుందని ఆమెకి తెలుసు. రేపు పొద్దున్నే పరీక్ష.

హైదరాబాదు కంపెనీ ఉద్యోగం. ఈ ఇంట్లోనే, ఈ కుర్చీలోనే కూర్చుని చేసుకోవచ్చు. కాకపోతే పరీక్ష కూడా ఈ కంప్యూటర్ మీదే రాయాలి. ఒక కంప్యూటర్ లోపల మూడు వర్చువల్ మెషీన్లు, అంటే మూడు ఉత్తుత్తి కంప్యూటర్లు, ఒకేసారి నడపాలి. వాళ్ళు కెమెరాలో చూస్తూ ఉంటారు. వాటిలో ఒకదాన్ని పాడు చేస్తారు, ఆమె బాగు చెయ్యాలి. కిందటిసారి పాత కంప్యూటర్ మీద మూడోది మొదలుపెట్టగానే అన్నీ బిగుసుకుపోయాయి. పాపం అని ఇంకో అవకాశం ఇచ్చారు. మూడో అవకాశం లేదని కూడా అప్పుడే చెప్పారు.

అందుకే కదా ఈ కొత్త సరంజామా అంతా. అయితే రాజకుమార్‌కి ఆటల పిచ్చి ఉంది. పెళ్ళాం పరీక్ష పేరు చెప్పి మూరెడు పొడుగు గ్రాఫిక్స్ కార్డు ఒకటి తన కోసం పెట్టెలోకి ఎక్కించాడు. స్వామి కార్యం, స్వకార్యం రెండూ అయ్యాయని సంబరపడ్డాడు కూడా.

"ఆ కార్డు పీకేసి చూడండి," అంది వెన్నెల చివరికి.

"పీకి చూశాను."

"ఎప్పుడు?"

"పొద్దున. నువ్వు పాల ప్యాకెట్టుకి వెళ్ళినప్పుడు."

"నేను లేనప్పుడే ఎందుకు చూడాలి?"

అతను స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

"నాకు కావలసింది ర్యామ్. నాకు కావలసింది మంచి ప్రాసెసర్. అవి చాలన్నాను. మీరు వింటేగా. నిన్న రాత్రి అన్నం కూడా తినకుండా ముందు దాన్నే బిగించారు. సీమోను గారు కొట్టులోనే బిగించి ఇస్తానంటే వద్దన్నారు. వీడియో చూసి నేనే బిగిస్తానన్నారు. ఇప్పుడు చూడండి వీడియో."

మామూలుగా ఒక మాట అంటే పది మాటలు తిరిగొచ్చే మనిషి. ఈ రోజు స్క్రూడ్రైవర్‌ని వేళ్ళ మధ్య తిప్పుకుంటూ కూర్చున్నాడు. వెన్నెలకి దానికే ఎక్కువ మండింది. గోడతో ఎవరు పోట్లాడగలరు?

అన్నపూర్ణ కాఫీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. కోడలి ముఖం చూసి, కొడుకు ముఖం చూసి, పెట్టె మీద తను పెట్టిన బొట్టు వంక చూసింది.

"నేను బొట్టు పెట్టకుండా మొదలెట్టనివ్వలేదు కదరా. కొత్త అచ్చుకి పెట్టినట్టే శుభ్రంగా..."

"అమ్మా, నువ్వు లోపలికెళ్ళు."

"అది కాదురా, నేను..."

"వెళ్ళమన్నానా?"

అన్నపూర్ణ గ్లాసులు స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయింది. చల్లారిన కాఫీ ఎవరూ తాగలేదు.

"ఆవిడ మీద అరుస్తారేంటి?" అంది వెన్నెల గొంతు తగ్గించి. "చేసింది మీరు. కోపం ఆవిడ మీదా?"

రాజకుమార్ లేచి వైర్లు పీకడం మొదలుపెట్టాడు. "మదర్‌బోర్డూ కార్డూ తీసుకుని గుడివాడ వెళ్దాం పద," అన్నాడు.

గుడ్లవల్లేరు మీదుగా గుడివాడ చేరేదాకా బండి మీద ఇద్దరి మధ్యా ఆ బోర్డు డబ్బా ఉంది, దాని మీద రెండు ప్లాస్టిక్ సంచులు ఉన్నాయి.

సీమోను కొట్టు బస్టాండు దగ్గర మేడ మీద. ఆయన మాణిక్యానికి ఎప్పటినుంచో స్నేహితుడు. ఆ ఇంట్లో మొదటి కంప్యూటర్ పెట్టిందీ, పెదన అచ్చుల ఫొటోలు మొదటిసారి ఇంటర్నెట్టులో ఎక్కించిందీ ఆయనే. వయసులో తేడా ఉన్నా రాజకుమార్‌ని బావా అనే పిలుస్తాడు.

"ఏంటి బావా, వీడియోలో చెప్పలేదా ఇది?" అని నవ్వుతూనే బోర్డు అందుకున్నాడు. క్లిప్పు తీసి ప్రాసెసర్ బిళ్ళని పైకి లేపాడు. నవ్వు ఆగిపోయింది.

ప్రాసెసర్ కింద సాకెట్ ఉంటుంది. అందులో వెంట్రుక కంటే సన్నని పిన్నులు నారుమడిలా వరసగా, ఒకే ఎత్తున నిలబడి ఉండాలి. ఒక్కటి వంగినా మొత్తం పని చెయ్యదు. ఈ నారుమడి మధ్యలో గేదె పడుకుని లేచినట్టుంది.

సీమోను దీపం దగ్గరకి లాగి, భూతద్దం పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇదేంటి బావా, మూలల్లో ఈ పసుపు రంగు?"

రాజకుమార్ కిటికీలోంచి వాన చూస్తున్నాడు.

"పసుపు రంగేంటండీ?" అని వెన్నెల ముందుకి వంగింది. భూతద్దంలో పిన్నుల మొదళ్ళలో సన్నగా, ఎండిన గంధంలా అంటుకుని ఉంది. ఒక పక్కన ఎర్రటి నలుసు కూడా ఉంది. కుంకం.

వెన్నెల అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయింది.

మొన్న బుధవారం మధ్యాహ్నం. సామాను అంతా దివాన్ కాట్ మీద పేపర్ పరిచి పెట్టి ఉంది. రాజకుమార్ ఉత్సాహం ఆపుకోలేక బోర్డు మీద ఆ సాకెట్ మూత తీసి చూసుకుని, అలాగే వదిలేసి షెడ్డుకి వెళ్ళాడు. అప్పుడు అన్నపూర్ణ వచ్చి కోడలి పక్కన కూర్చుంది. అయిదేళ్ళ కాపురంలో మొదటిసారి, "ఏం చేస్తావే అమ్మాయ్ దీంతో? నాకూ చెప్పు," అని అడిగింది.

వెన్నెల పొంగిపోయింది. ఒక కంప్యూటర్ లోపల మూడు కంప్యూటర్లు కాపురం చేస్తాయి అత్తయ్యా అంది. "ఒకే వంటింట్లో ముగ్గురు తోడికోడళ్ళా? కొట్టుకోకుండా చూసుకో తల్లీ," అంది అన్నపూర్ణ. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. అప్పుడు ఆవిడ అడిగింది, ఇందులో అసలు పని చేసే ముఖం ఏదమ్మా అని. వెన్నెల వేలు పెట్టి చూపించింది. ఇదిగో అత్తయ్యా, ఈ సన్నటి ముళ్ళు వచ్చి ఆ బిళ్ళకి తగలాలి, అప్పుడే పని జరుగుతుంది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. చెక్కేవాడి దగ్గర్నుంచి కొత్త అచ్చు వస్తే, పెద్ద ముత్తయిదువ తడి పసుపు అద్ది, బొట్టు పెడితే గానీ దాన్ని బట్టకి తాకించరు. పెట్టేది కూడా పిడికి కాదు, బట్టకి తగిలే ముఖానికి. "పిడికి బొట్టు పెడితే చేతికి పుణ్యం, గుడ్డకేం?" అంటుంది అన్నపూర్ణ. అచ్చు చెక్కతో చేసింది. వేలు పెట్టి నొక్కితే అదేం వంగదు.

"బొట్టు పెట్టె మీదే పెట్టారనుకున్నాను," అంది వెన్నెల కొట్టులో స్టూలు మీంచి.

"రెండు చోట్లా పెట్టింది," అన్నాడు రాజకుమార్.

"మీకు ముందే తెలుసు."

"నిన్న బిగించేటప్పుడు చూశాను. దూది స్పిరిట్‌లో ముంచి తుడిచేశాను. పోయిందనుకున్నాను."

"దూదా?" అన్నాడు సీమోను. తిట్టలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. దూది పోగులు పిన్నులకి తగులుకుని మిగతావాటిని కూడా లాగేశాయని వేరే చెప్పక్కర్లేకపోయింది.

"పొద్దుట్నుంచీ నేను అన్ని మాటలంటుంటే ఎందుకు ఊరుకున్నారండీ?"

"నువ్వు నా కార్డు మీదికి తోసేశావుగా. అదే నయం అనిపించింది." అతను ఇటు తిరగలేదు. "నిజం చెబితే ఏం చేస్తావ్? వెళ్ళి అమ్మనడుగుతావా?"

ఏం చేస్తుంది? కోపం రావడానికైనా ఒక మనిషి ఉండాలి. వేలు పెట్టి చూపించింది తను. నొక్కింది అత్తగారు. తుడిచింది మొగుడు. మూత తీసి వదిలేసిందీ అతనే. ఇందులో ఒక్కరికైనా చెడు తలపు ఉంటే బావుండునని ఆ క్షణాన వెన్నెల నిజంగా కోరుకుంది. పని చేసే ముఖం ఏదమ్మా అని అడిగినప్పటి ఆవిడ కళ్ళు గుర్తొచ్చి మరీ ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా, సీమోను కొట్టులో, గిరాకీ ముందే.

సీమోను ఆమెకి మంచినీళ్ళు ఇచ్చి, సూది తీసుకుని కూర్చున్నాడు. ఒక్కొక్క పిన్నునే లేపాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. కొన్ని లేచాయి. ఒకటి చటుక్కున విరిగి సూది మొనకి అంటుకుని వచ్చింది.

"ఇంక నా వల్ల కాదమ్మా," అన్నాడు.

"కంపెనీ వాళ్ళు మార్చి ఇవ్వరాండీ?"

"చూడగానే చెయ్యి పడిందంటారు. తిప్పి పంపేస్తారు. ఈ రకం బోర్డు విజయవాడలో కూడా లేదు, ఇందాకే ఫోన్ చేశాను. సోమవారానికి తెప్పిస్తానన్నారు."

"పరీక్ష రేపండీ."

"అదేనమ్మా," అన్నాడు సీమోను.

తెలిసినవాళ్ళ లాప్‌టాప్‌లన్నీ అడగడం పొద్దున్నే అయిపోయింది. ఆఫీసువి బయటి సాఫ్ట్‌వేర్ వెయ్యనివ్వవు, చదువుకునే పిల్లలవి, సీమోను కొట్టులోవి ఒక వర్చువల్ మెషీన్‌కే కూలబడతాయి. మిగిలింది పాత కంప్యూటరు. కొత్త సామాను ఇచ్చినప్పుడు దాన్ని సీమోను మార్పిడికి తీసుకుని నాగాయలంకలో రొయ్యల చెరువులు చేసే బాబ్జీకి ఇచ్చేశాడు.

"దాని మీద మూడూ లేవవు. ఒకసారి చూశాంగా," అంది వెన్నెల.

"అన్నీ తీసేసి, ఖాళీ చేసి నడిపితే? ఏమీ లేనిదానికంటే నయం కదా." రాజకుమార్ అప్పటికే హెల్మెట్ తగిలించుకున్నాడు. "నువ్వు బస్సెక్కి ఇంటికెళ్ళు. నేను నాగాయలంక వెళ్ళొస్తాను."

"ఈ వానలోనా?"

"అమ్మకి మాత్రం చెప్పొద్దు వెన్నెలా."

వెన్నెల ఇంటికి వచ్చేసరికి మాణిక్యం అరుగు మీదే ఉన్నాడు.

"ఏమన్నాడు సీమోను?"

బస్సులో అంతసేపూ ఆలోచించిన మాట అప్పుడు నోటికి రాలేదు. ఆలోచించని మాట వచ్చింది. "బోర్డే బాగాలేదటండీ మావయ్యగారూ. రావడమే అలా వచ్చిందట."

అనగానే నాలుక కరుచుకుంది. కానీ నోరు జారిన మాట మళ్ళీ లోపలికి పోతుందా?

మాణిక్యం ముఖం నల్లబడింది. "సీమోను? మనకి? చెడిపోయిన సరుకు అంటగట్టాడా?"

"ఆయనకీ తెలియదు కదండీ."

"తెలియకపోవడమేంటమ్మా? నేను అద్దిన బట్టలో ఒక చుక్క చెదిరినా నాకు తెలుస్తుంది. అమ్మేవాడికి తెలియదా?" ఆయన గొంతు పెద్దది కాలేదు. దానికే భయం వేసింది వెన్నెలకి. "ఇంట్లో మనిషిలా చూశాను వాణ్ణి. రేపు మొదటి బస్సుకే వెళ్తాను. ఇద్దరికీ ఇంతటితో సరి అని ముఖం మీదే చెప్పొస్తాను."

"వద్దు మావయ్యగారూ. మీ అబ్బాయి మాట్లాడుతున్నారు కదా."

"వాడు మాట్లాడలేడమ్మా. వాడికి మొహమాటం."

మింగలేక కక్కలేక నిలబడింది వెన్నెల. ఒక మాట మార్చి సీమోనుని కాపాడాలంటే అత్తగారిని పట్టివ్వాలి. అత్తగారిని కాపాడాలంటే సీమోనుని బలిపెట్టాలి.

వంటింట్లోకి వెళ్తే అన్నపూర్ణ సానరాయి కడుగుతోంది.

"విన్నాను," అంది ఆవిడ. "సీమోను అలాంటివాడు కాదే. మీ మావయ్యగారిది తొందర. నాకు తెలుసు ఎక్కడ తేడా వచ్చిందో."

"ఎక్కడ అత్తయ్యా?"

"ఆ రోజు ప్యాకెట్టు పసుపు పెట్టాను. మా అత్తగారు చూస్తే చెయ్యి విరగ్గొట్టేది. అచ్చుకైతే కొమ్ము అరగదీసి పెడతాం గానీ ప్యాకెట్టు పసుపు పెడతామా? ఎవరూ చూడట్లేదు కదా అని బద్ధకించాను. అందుకే అంటలేదు." ఆవిడ చీర కొంగుతో కళ్ళొత్తుకుంది. "నీ మొదటి పనికి నేనే అడ్డం పడ్డానమ్మా. వాడు పొద్దున అరిచాడంటే ఊరికే అరిచాడా?"

"అలా ఏం లేదత్తయ్యా," అంది వెన్నెల. ఇంకేమైనా అంటే ఏడుస్తానేమోనని బియ్యం చేటలో పోసుకుని ఏరడానికి కూర్చుంది. ఆ బియ్యంలో రాళ్ళు లేవు.

దీపాలు పెట్టే వేళకి రాజకుమార్ వచ్చాడు. రెయిన్‌కోటు తను వేసుకోలేదు, పెట్టెకి చుట్టాడు. తల మీంచి నీళ్ళు కారుతున్నాయి. మోపిదేవి దాటాక కుండపోతగా పడిందట.

"ఇచ్చారా?" అంది వెన్నెల తువ్వాలు అందిస్తూ.

"ఇచ్చాడు."

"ఊరికేనా?"

"బాబ్జీ గారి బావమరిదికి ఆటల పిచ్చి." రాజకుమార్ తల తుడుచుకుంటూ ముఖం దాచుకున్నాడు. "కార్డు పట్టుకెళ్ళాను. చూశాక కాదనలేకపోయారు."

ఆ కార్డు గురించి పొద్దున తను అన్న మాటలన్నీ వెన్నెలకి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఏదో అనబోయింది. అతను అప్పటికే పక్క మూత తీసి వైర్లు పెడుతున్నాడు.

కొత్త ర్యామ్ ఇందులో వెయ్యాలని చూశారు. గాడి వేరు, ఎక్కలేదు. చేతిలో పట్టినంత మెమరీ ఉంది, పెట్టడానికి చోటు లేదు. వెన్నెల ఉన్నదాంతోనే మొదలుపెట్టింది. పాటలు, ఫొటోలు, అక్కర్లేనివన్నీ తీసేసింది. మొదటి మెషీన్ లేచింది. రెండోది లేచింది. మూడోదానికి తెర మీద చిన్న చక్రం తిరుగుతూ ఉండిపోయింది.

"లేస్తుందా?" అన్నాడు రాజకుమార్.

"తెలియదండీ."

"లేస్తే రేపటిదాకా ఆపకుండా ఉంచేద్దాం."

"పరీక్షలో ఆపి మళ్ళీ మొదలెట్టమంటారు."

చక్రం తిరుగుతూనే ఉంది. అరుగు మీద మాణిక్యం ఫోనులో ఎవరితోనో తక్కువ గొంతుతో మాట్లాడుతున్నాడు.

అన్నపూర్ణ వచ్చింది. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుంది. చేతిలో ఇత్తడి పళ్ళెం, అందులో సానరాయి మీద అరగదీసిన తడి పసుపు, కుంకం. ఇల్లంతా కొమ్ము పసుపు వాసన వచ్చింది.

"మూత తీసే ఉందిగా, మంచిదే," అంది. "దీనికి ముఖం ఎక్కడుందో చూపించమ్మా. ఈసారి లోటు రానివ్వను."

రాజకుమార్ లేచి పెట్టెకి అడ్డంగా నిలబడ్డాడు. "వద్దమ్మా."

"ఏం?"

"వద్దన్నానుగా."

అన్నపూర్ణ చెయ్యి పళ్ళెం మీదే ఆగిపోయింది. పొద్దున లోపలికి వెళ్ళమన్నప్పటి ముఖమే మళ్ళీ పెట్టింది. వెన్నెల అది చూడలేకపోయింది. కుర్చీలోంచి లేచి వాళ్ళిద్దరి మధ్యకి వచ్చింది.

"అత్తయ్యా, అసలు పని చేసేది అది కాదు. రేపు దాని ముందు కూర్చునేది నేను. నాకు పెట్టండి."

అన్నపూర్ణ ముఖం విప్పారింది. "అంతేనే తల్లీ, అంతే. నాకు తట్టనే లేదు చూడు," అంటూ కోడలి బుగ్గలకి పసుపు రాసింది. నుదుట కుంకం అద్దింది. ఆ వేలు ఎంత మెత్తగా తగిలిందో. వెన్నెల కళ్ళు దించుకుంది.

ఆ వేలు నుదుటి మీదే ఆగింది.

"మరి బుధవారం నాడు అడిగితే దాన్ని చూపించావేమ్మా?"

వెన్నెల కళ్ళెత్తలేదు. రాజకుమార్ పెట్టె ముందు నుంచి కదల్లేదు. అన్నపూర్ణ వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది. అరుగు మీంచి మాణిక్యం గొంతు వినిపించింది. "లేదు సీమోనూ, నువ్వేం చెప్పకు. రేపు నేనే వస్తున్నాను. ఇన్నేళ్ళ స్నేహానికి మంచి బహుమానమే ఇచ్చావ్."

అన్నపూర్ణ తన పసుపు వేలిని దీపం వెలుగులో ఒకసారి చూసుకుంది. పళ్ళెం తీసుకెళ్ళి స్టూలు మీద పెట్టింది.

"రాజా," అంది మెల్లిగా. "సీమోను ఇచ్చినప్పుడు బాగానే ఉంది కదరా?"